ఫార్మాట్... ఆఖరి మందు!

అబ్బాయి ప్రాజెక్టు రిపోర్టు ప్రింటు తీసుకోవాలి. అమ్మాయి హాల్‌టికెట్ డౌన్‌లోడ్ చేసుకోవాలి. సరిగ్గా అప్పుడే కంప్యూటర్ మొరాయిస్తుంది. తెర మీద గుండ్రటి చక్రం తిరుగుతూనే ఉంటుంది. 'వైరస్ వచ్చినట్టుంది' అంటారొకరు. 'కాదు, నెట్ పోయింది' అంటారింకొకరు. 'కొని ఎన్నేళ్లయింది... దీని పనైపోయింది' అని ఇంటి పెద్దాయన తీర్పు చెప్పేస్తారు. ఫోన్ చేస్తే వీధి చివరి షాపు కుర్రాడొస్తాడు. రెండు నిమిషాలు అవీ ఇవీ నొక్కి చూసి, 'ఫార్మాట్ కొట్టాలి సార్' అంటాడు. మనమూ సరేనంటాం.

సాయంత్రానికల్లా కంప్యూటర్ కొత్తదానిలా పరుగెడుతుంది. సంతోషమే! కానీ నాలుగు రోజులు పోయాక అక్క పెళ్లి ఫొటోలు చూద్దామని వెతికితే ఆ ఫోల్డర్ ఉండదు. తాతయ్య షష్టిపూర్తి వీడియో ఉండదు. స్కాన్ చేసి దాచుకున్న మార్కుల జాబితాలు, ఇంటి పత్రాల నకళ్లు... ఒక్కటీ ఉండదు.

జ్వరం వస్తే ముందు థర్మామీటరు పెట్టి చూస్తాం. అంతేగానీ తిన్నగా ఆపరేషన్ చేయించుకోం కదా! కంప్యూటర్ విషయంలో మాత్రం చాలా ఇళ్లలో మొదటి మందే ఫార్మాట్ అవుతోంది. నిజానికి ఇంట్లో కంప్యూటర్‌కు వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి ఆ అవసరమే రాదు. తప్పు ఎక్కడుందో కనుక్కుంటే కొన్ని పైసా ఖర్చు లేకుండా మనమే సరిచేసుకోవచ్చు. అందుకు ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. కాస్త ఓపిక, ఒక వరస ఉంటే చాలు. ఆ వరస ఏమిటో ఈ వారం చూద్దాం.

ముందు ఫైళ్లు భద్రం

కంప్యూటర్ పాడైతే మరొకటి కొనుక్కోవచ్చు. అందులోని ఫొటోలను ఏ షాపులోనూ అమ్మరు. కాబట్టి ఏ రిపేరు మొదలుపెట్టినా తొలి పని ఫైళ్లను మరోచోటికి కాపీ చేసుకోవడమే.

ఇక్కడ చాలామందికి ఓ అపోహ ఉంది. 'మా ఫొటోలన్నీ డి డ్రైవ్‌లో ఉన్నాయి, భయం లేదు' అంటుంటారు. సి డ్రైవ్‌ను ఫార్మాట్ చేస్తే డి డ్రైవ్‌కు ఏమీ కాని మాట నిజమే. కానీ చాలా ఇళ్లలో సి, డి అనేవి రెండు డిస్కులు కావు. ఒకే డిస్కులో గోడ కట్టి విడదీసిన రెండు గదులు. ఆ డిస్కే చెడిపోతే రెండు గదులూ ఒకేసారి పోతాయి. ఇంకో సంగతి. డెస్క్‌టాప్ మీద కనిపించేవి, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లలో ఉండేవి మామూలుగా సి డ్రైవ్‌లోనే ఉంటాయి. మనం రోజూ వాడేవే అవి. ఫార్మాట్‌లో ముందుగా పోయేవీ అవే!

మరేం చేయాలి? నిపుణులు చెప్పే సూత్రం తేలికైనదే. ముఖ్యమైన ప్రతి ఫైలుకూ మూడు ప్రతులు ఉండాలి. అవి కనీసం రెండు రకాల చోట్ల ఉండాలి. అందులో ఒకటి ఇంటి బయట ఉండాలి. ఇంటి భాషలో చెప్పాలంటే, ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి విడిగా కొన్న ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులో, మరొకటి ఇంటర్నెట్‌లోని ఖాతాలో. గూగుల్ ఖాతా ఉన్న ప్రతి ఒక్కరికీ 15 జీబీ ఉచితం. అయితే జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నీ ఆ 15లోనే సర్దుకోవాలి. ఫొటోలను లెక్కలేకుండా ఉచితంగా దాచుకునే సదుపాయం 2021 జూన్ 1తో ఆగిపోయింది. కాబట్టి ఉన్న చోటును సినిమా పాటలతో నింపకండి. సర్టిఫికెట్లు, పత్రాలు, మళ్లీ దొరకని ఫొటోలకు అట్టిపెట్టండి.

కాపీ చేశాక అంతటితో వదిలేయొద్దు. హార్డ్‌డిస్కును మరో కంప్యూటర్‌కు తగిలించి నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. తెరుచుకుంటేనే అది బ్యాకప్. ఆ తర్వాత డిస్కును ఊడదీసి బీరువాలో పెట్టేయండి. ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉంచితే, దానికొచ్చిన వైరస్ దీనికీ వస్తుంది.

పాత హార్డ్‌డిస్కులోంచి 'టక్... టక్...' అని శబ్దం వస్తోందా? అది వీడ్కోలు చప్పుడు కావచ్చు. పదేపదే ఆన్ చేసి చూడకండి. వెంటనే ఆపేసి, డేటా తీసిపెట్టేవాళ్లకు చూపించండి. పొరపాటున ఫార్మాట్ అయిపోయినా ఇదే సూత్రం. కొత్త ఫైళ్లేవీ దానిలో వేయకండి. పాతరకం హార్డ్‌డిస్కులో చెరిగిన ఫైళ్లు తిరిగి దొరికే అవకాశం కొంతైనా ఉంటుంది. ఈమధ్య వస్తున్న ఎస్ఎస్‌డీలలో అది చాలా తక్కువ. చెరిపిన చోటును అవి తమంతట తామే శుభ్రం చేసేసుకుంటాయి మరి!

'స్లో' అయిందా? రీస్టార్ట్ చేశారా?

'రోజూ షట్‌డౌన్ చేసే పడుకుంటాం కదా, మళ్లీ రీస్టార్ట్ ఎందుకు?' అనొచ్చు. ఇందులో చిన్న కిటుకుంది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి 'ఫాస్ట్ స్టార్టప్' అనే ఏర్పాటు చేశారు. అది ఉన్నప్పుడు షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా నిద్రపోదు. తన లోపలి భాగాన్ని ఉన్నదున్నట్టు డిస్కులో దాచుకుని, మర్నాడు అక్కణ్నుంచే మొదలుపెడుతుంది. త్వరగా ఆన్ అవుతుంది, నిజమే. కానీ నిన్నటి చిక్కు కూడా దానితోపాటే నిద్రలేస్తుంది. రీస్టార్ట్ నొక్కితే మాత్రం అంతా మొదటి నుంచి మొదలవుతుంది. అందుకే ఏ చిన్న తేడా వచ్చినా షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ చేయాలి.

అయినా నత్తనడకేనా? కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. కంప్యూటర్‌కు పెట్టే థర్మామీటరు ఇదే. సీపీయూ, మెమరీ, డిస్క్ అని వరసలు, వాటి పక్కన శాతాలు ఉంటాయి. ఏది చాలాసేపు నూటికి దగ్గర్లో ఉంటే నొప్పి అక్కడ ఉన్నట్టు.

మెమరీ నిండిపోతుంటే బ్రౌజర్‌లో తెరిచి ఉంచిన పాతిక ట్యాబ్‌లు మూసి చూడండి. అప్పటికీ చాలకపోతే ర్యామ్ పెంచుకోవడం గురించి ఆలోచించొచ్చు. సీపీయూను ఏదో ఒక ప్రోగ్రామే మింగేస్తుంటే దాని పేరు పైనే కనిపిస్తుంది. అది మీకు అక్కర్లేనిదైతే కంట్రోల్ ప్యానెల్ నుంచి తీసేయండి. టాస్క్ మేనేజర్‌లోనే 'స్టార్టప్' అనే భాగం ఉంటుంది. కంప్యూటర్ ఆన్ కాగానే మనల్ని అడక్కుండా లేచి కూర్చునే ప్రోగ్రాముల జాబితా అది. పేరంటానికి పిలవకుండా వచ్చినవాళ్లలా పదిపన్నెండు ఉంటాయి! యాంటీవైరస్, సౌండ్, టచ్‌ప్యాడ్‌లాంటి వాటిని ఉంచి, మీరు వాడనివాటిని 'డిజేబుల్' చేయండి. ప్రోగ్రామ్ పోదు. ఆన్ కాగానే లేవడం మానేస్తుంది, అంతే.

డిస్క్ ఎప్పుడు చూసినా 100 శాతం చూపిస్తోందా? అయితే మీది పాతరకం హార్డ్‌డిస్కు కావచ్చు. అందులో పళ్లేలు నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతుంటాయి. ఓ సూదిలాంటి తల అటూ ఇటూ కదులుతూ సమాచారాన్ని ఏరుకొస్తుంది. ఎస్ఎస్‌డీలో కదిలే భాగమే ఉండదు. అందుకే హార్డ్‌డిస్కు బదులు ఎస్ఎస్‌డీ వేయిస్తే ఏడెనిమిదేళ్ల కంప్యూటర్ కూడా చురుగ్గా కదులుతుంది. పాత కంప్యూటర్ మీద పెట్టే ఖర్చులో ఇంత ఫలితమిచ్చేది మరొకటి లేదు. పాత డిస్కును పారేయకుండా పెట్టె కొనుక్కుంటే అదే ఎక్స్‌టర్నల్ డిస్కుగానూ పనికొస్తుంది.

సి డ్రైవ్ నిండిపోయినా వేగం తగ్గుతుంది. ఐదో వంతైనా ఖాళీగా ఉండేలా చూసుకోండి. సెట్టింగ్స్‌లో 'స్టోరేజ్' తెరిస్తే తాత్కాలిక ఫైళ్లు ఎంత చోటు తింటున్నాయో కనిపిస్తుంది. వాటిని తీసేయొచ్చు. అయితే ఆ జాబితాలో 'డౌన్‌లోడ్స్' కూడా ఉండొచ్చు. కళ్లు మూసుకుని అన్నిటికీ టిక్ పెట్టారో, దాచుకున్న హాల్‌టికెట్లూ రసీదులూ కూడా గంగలో కలుస్తాయి! 'రిజిస్ట్రీ క్లీనర్', 'పీసీ బూస్టర్' అంటూ ఊరించే ఉచిత ప్రోగ్రాముల జోలికి మాత్రం వెళ్లకండి. ఉన్నవి చాలక ఇంకొకటి చేరుతుంది.

దుమ్మూ, ఎండా, కరెంటూ

మన ఎండలు మనకే భరించలేనివి. ఇక గాలాడని చెక్క బల్ల అరలో ఇరుక్కున్న సీపీయూ డబ్బా సంగతి చెప్పాలా? లోపల వేడి పెరిగితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మరీ పెరిగితే ఉన్నట్టుండి ఆపేస్తుంది. 'మధ్యాహ్నం పూట ఆగిపోతోంది, రాత్రి బాగానే ఉంటోంది' అంటే అనుమానించాల్సింది వైరస్‌ను కాదు, ఫ్యాన్‌ను!

ఏడాదికి రెండుసార్లు దుమ్ము దులిపించండి. మీరే చేస్తానంటే ముందు ప్లగ్ పీకేయాలి. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకోవాలి. తడిబట్ట లోపల పెట్టొద్దు. వారంటీ సీలు ఉంటే అసలు తెరవొద్దు. ల్యాప్‌టాప్‌ను పరుపు మీదా, దిండు మీదా పెట్టుకుని వాడితే కింద గాలి పోయే దారి మూసుకుపోతుంది. ల్యాప్‌టాప్ అడుగు ఉబ్బినట్టున్నా, టచ్‌ప్యాడ్ పైకి లేచినా బ్యాటరీ పొంగిందని అర్థం. చార్జింగ్ ఆపేసి వెంటనే మార్పించాలి. గుచ్చడం, నొక్కడం చాలా ప్రమాదం.

డెస్క్‌టాప్ ఉన్న ఇంట్లో యూపీఎస్ ఎలాగూ ఉంటుంది. కానీ దాని బ్యాటరీ రెండు మూడేళ్లకు నీరసిస్తుందని చాలామంది మర్చిపోతారు. కరెంటు పోగానే కంప్యూటర్ కూడా ఆరిపోతుంటే యూపీఎస్ ఉండీ లేనట్టే. ఏదైనా రాసే సమయంలో ఠక్కున కరెంటు పోతే డిస్కులో ఫైళ్లు దెబ్బతింటాయి. ఉరుములూ మెరుపులూ మొదలైతే స్విచ్ ఆపడం ఒక్కటే చాలదు. ప్లగ్ పీకేయండి. రాగి తీగతో వచ్చే నెట్ కేబుల్ ఉంటే దాన్నీ పీకేయండి. ఫైబర్ తీగ గాజుది కాబట్టి అందులోంచి కరెంటు రాదు. కానీ ఆ పెట్టె అడాప్టర్‌లోంచి రావచ్చు.

అసలు తెర మీద ఏమీ రాకపోతే? ముందు మానిటర్ కేబుల్ రెండువైపులా సరిగ్గా ఉందో చూడండి. ఉంటే తర్వాతి అనుమానం ర్యామ్. షాపుల్లో తరచూ చేసేది దాన్ని బయటికి తీసి, బంగారు రంగు అంచును రబ్బరుతో మెల్లగా తుడిచి, మళ్లీ గట్టిగా కూర్చోబెట్టడమే. చాలాసార్లు దానికే బొమ్మ వస్తుంది. దానికి ఫార్మాట్‌తో పనేముంది?

తేదీ తప్పితే తలుపులు మూతే!

ఈ చిక్కు మహా విచిత్రంగా ఉంటుంది. నెట్ వస్తూనే ఉంటుంది. కానీ ఏ వెబ్‌సైట్ తెరిచినా 'మీ కనెక్షన్ సురక్షితం కాదు' అంటుంది. బ్యాంకు సైటూ అంతే, మెయిలూ అంతే. గాభరా పడకుండా తెర కింద కుడి మూలన తేదీ చూడండి. ఏ పదేళ్ల కిందటి తేదీనో చూపిస్తుంటే దొంగ దొరికినట్టే! ప్రతి సురక్షిత వెబ్‌సైట్‌కూ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుబాటయ్యే సర్టిఫికెట్ ఉంటుంది. మన కంప్యూటర్ తేదీ తప్పుగా ఉంటే ఆ సర్టిఫికెట్ చెల్లదనుకుని తలుపు మూసేస్తుంది.

తేదీ సరిచేస్తే సైట్లు తెరుచుకుంటాయి. కరెంటు తీసినప్పుడల్లా మళ్లీ తప్పుతోందంటే మదర్‌బోర్డు మీదుండే గుండ్రటి చిన్న బ్యాటరీ అయిపోయిందని అర్థం. డెస్క్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేది సీఆర్2032 రకం, 3 వోల్టులది. వాచీల షాపులో కూడా దొరుకుతుంది. ఇంత చిన్న బిళ్ల మార్చితే పోయేదానికి మొత్తం సిస్టమ్ తుడిచేయడం ఎందుకు చెప్పండి?

నెట్ రాదు... ఎవరి తప్పు?

2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ 'డేటావన్' పేరుతో బ్రాడ్‌బ్యాండ్ ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు 256 కేబీపీఎస్ వేగమే పెద్ద విశేషం. ఇప్పుడు పల్లెటూళ్లలోనూ ఫైబర్ తీగ వచ్చింది, వేగం వందల రెట్లు పెరిగింది. 'నెట్ రావట్లేదు' అన్న మాట మాత్రం మారలేదు! ఆ మాట వినగానే మూడు చోట్ల వెతకాలి. మన కంప్యూటర్, ఇంట్లోని రూటర్, ఇంటి బయటి లైను.

మొదట ఇంట్లో ఫోన్‌ను అదే వైఫైకి కలిపి చూడండి. మొబైల్ డేటా ఆపేసి చూడాలి సుమా! ఫోన్‌లో నెట్ వస్తోందంటే లైనూ రూటరూ బాగున్నట్టే, లోపం కంప్యూటర్‌లో ఉంది. ఫోన్‌లోనూ రావట్లేదంటే కంప్యూటర్‌ను వదిలేయండి, దాని తప్పేం లేదు.

తర్వాత ఫైబర్ పెట్టె మీది దీపాలు చూడండి. 'పాన్' అనే దీపం ఆకుపచ్చగా నిలకడగా వెలుగుతుంటే బయటి నుంచి కాంతి వస్తున్నట్టు. 'ఎల్ఓఎస్' అన్న దీపం ఎర్రగా కనిపిస్తుంటే కాంతి మీ ఇంటిదాకా రావట్లేదు. పసుపుపచ్చ తీగ ఎక్కడైనా మడత పడిందా, ఎలుక కొరికిందా, పెట్టెలో సరిగ్గా కూర్చుందా చూడండి. తీగ కొసను మాత్రం కంటి ముందు పెట్టుకుని చూడొద్దు. అందులోని లేజర్ కంటికి కనబడదు గానీ హాని చేయొచ్చు. ఇంట్లో అంతా బాగుంటే ఇక చేయాల్సింది కంపెనీ వాళ్లే. బిల్లు మీదున్న నంబరుకు ఫోన్ చేసి 'ఎల్ఓఎస్ ఎర్రగా వెలుగుతోంది' అని చెప్పండి. 'నెట్ రావట్లేదు' అనడం కంటే ఈ ముక్కకు పని త్వరగా అవుతుంది. ఫిర్యాదు నంబరు రాసుకోవడం మరవకండి.

దీపాలన్నీ బాగున్నా నెట్ లేకపోతే పెట్టె స్విచ్ ఆపి, అర నిమిషం ఆగి వేయండి. రెండు మూడు నిమిషాలు ఓపిక పట్టండి. సగం సమస్యలు ఇక్కడే తీరిపోతాయి. కానీ వెనకున్న సూది బెజ్జంలోని 'రీసెట్' మాత్రం గుచ్చొద్దు! రూటర్‌కు అదే ఫార్మాట్. కంపెనీ వాళ్లు వేసిన యూజర్ పేరు, పాస్‌వర్డ్ చెరిగిపోవచ్చు. మళ్లీ వాళ్లు వచ్చి వేసేదాకా నెట్ ఉండదు.

ఫోన్‌లో వచ్చి కంప్యూటర్‌లో రానప్పుడు ఓ చిన్న పరీక్ష ఉంది. స్టార్ట్ దగ్గర వెతికే గడిలో సీఎండీ అన్న మూడక్షరాలు ఇంగ్లిషులో టైప్ చేసి ఎంటర్ కొడితే నల్లటి కిటికీ తెరుచుకుంటుంది. అందులో పింగ్ అన్న మాట ఇంగ్లిషులో కొట్టి, ఓ ఖాళీ వదిలి, 8.8.8.8 అని రాసి ఎంటర్ నొక్కండి. ఇది గూగుల్ 2009లో మొదలుపెట్టిన సర్వర్ చిరునామా. నాలుగు జవాబులు వచ్చాయా? మీ కంప్యూటర్ బయటి ప్రపంచాన్ని అందుకుంటోంది. అయినా సైట్లు తెరుచుకోవట్లేదంటే తేడా డీఎన్ఎస్‌లో ఉండొచ్చు. పేరు చెబితే నంబరు వెతికిపెట్టే టెలిఫోన్ డైరెక్టరీ లాంటిది ఈ డీఎన్ఎస్. మనం టైప్ చేసిన సైటు పేరుకు నంబరు వెతికేది అదే. ఇంట్లో లైనుంది, డైరెక్టరీ పోయింది అన్నమాట! నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో డీఎన్ఎస్ దగ్గర 8.8.8.8 లేదా 1.1.1.1 వేసి చూడండి.

'100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నాం, డౌన్‌లోడ్ చేస్తే 12 చూపిస్తోంది, మోసం!' అనేవాళ్లూ ఉన్నారు. మోసం కాదు, లెక్క. కంపెనీలు చెప్పేది మెగాబిట్లు. డౌన్‌లోడ్‌లో కనిపించేది మెగాబైట్లు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. అంటే 100కు 12.5 వస్తే నిండుగా వచ్చినట్టే.

వేగం నిజంగానే తగ్గితే కేబుల్ తగిలించి చూడండి. కేబుల్‌తో బాగుండి వైఫైతో తగ్గుతుంటే రూటర్ ఉన్నచోటు మార్చాలి. టీవీ వెనకో, ఇనుప బీరువా పైనో, చెప్పుల స్టాండు మూలనో పెట్టకండి. ఇంటికి మధ్యలో, కాస్త ఎత్తులో ఉండాలి. రూటర్ నుంచి 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు వైఫైలు వస్తుంటే, దగ్గరున్నవాళ్లు 5 వాడండి, వేగం ఎక్కువ. గోడలు దాటి పోవాలంటే 2.4 మేలు. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేదీ ఇంచుమించు అదే 2.4 దగ్గర. అందుకే వంటింట్లో అది తిరుగుతున్నంతసేపూ పక్క గదిలో వీడియో ఆగి ఆగి రావచ్చు.

వైరస్ కన్నా ప్రమాదం... ఫోన్ నంబరు

ఏదో సైట్ చూస్తుండగా తెరంతా ఎర్రబడుతుంది. సైరన్ మోగుతుంది. 'మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి' అని మైక్రోసాఫ్ట్ బొమ్మతో హెచ్చరిక వస్తుంది. చేయకండి! మైక్రోసాఫ్ట్ ఇచ్చే హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదని ఆ సంస్థే చెబుతుంది. అది వైరస్ కూడా కాదు, ఒట్టి వెబ్ పేజీ. ఎస్కేప్ మీట కొంతసేపు నొక్కి పట్టుకోండి. పోకపోతే టాస్క్ మేనేజర్ తెరిచి బ్రౌజర్‌ను ఆపేయండి. కథ అంతటితో ముగుస్తుంది.

ఫోన్ చేస్తే మాత్రం కథ అప్పుడే మొదలవుతుంది. అవతలివాళ్లు ఎనీడెస్క్ లాంటి ప్రోగ్రామ్ వేసుకోమంటారు. అది మంచి పనులకు వాడే ప్రోగ్రామే. కానీ మన కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే తాళంచెవి అది. దాన్ని ముక్కూమొహం తెలియనివాళ్ల చేతికిస్తే బ్యాంకు ఖాతా ఇచ్చినట్టే. కస్టమర్ కేర్ నంబరును నెట్‌లో వెతికి పట్టుకున్నా ఇదే ప్రమాదం. నకిలీ నంబర్లు బోలెడు. బిల్లు మీద ఉన్నదో, కంపెనీ సొంత సైట్‌లో ఉన్నదో మాత్రమే నమ్మండి. ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడి ఊరుకోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయాలి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లోనూ ఫిర్యాదు చేయొచ్చు. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ.

అసలు వైరస్‌ల మాటేమిటి? విండోస్ 10, 11లతో వచ్చే 'డిఫెండర్' ఇంటి వాడకానికి సరిపోతుంది. అప్‌డేట్లు ఆపకపోవడమే ముఖ్యం. 2017 మే 12న 'వాన్నాక్రై' ప్రపంచమంతటా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే ఇచ్చింది. వేసుకున్నవాళ్లు బతికిపోయారు.

ఇదే కారణంతో మరో మాట. విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవాళ్లు విడిగా నమోదు చేసుకుంటే భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. విండోస్ 11 వేసుకోవాలంటే కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ చోటు, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. అవి లేని పాత కంప్యూటర్‌కు లినక్స్ మింట్ లాంటి ఉచిత వ్యవస్థ వేయించుకోవచ్చు. ఉత్తరాలు రాసుకోవడానికీ, నెట్ చూడటానికీ అది చాలు.

తప్పదంటే... ఇలా

ఇన్నీ చేసినా విండోస్ తెరుచుకోకపోతే, వైరస్ వదలకపోతే, కంప్యూటర్ ఎవరికైనా అమ్మేస్తుంటే ఫార్మాట్ చేయాల్సిందే. దానికి ముందు ఇంకో మెట్టుంది. సెట్టింగ్స్‌లో 'రీసెట్ దిస్ పీసీ' నొక్కితే 'కీప్ మై ఫైల్స్' అన్న దారి కనిపిస్తుంది. ప్రోగ్రాములు పోతాయి గానీ మన ఫైళ్లు ఉంటాయి. అయినా బ్యాకప్ లేకుండా అదీ నొక్కొద్దు.

కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కుకు తాళం పడి ఉండొచ్చు. రిపేరు తర్వాత అది 48 అంకెల 'రికవరీ కీ' అడుగుతుంది. అది లేకపోతే ఫైళ్లు కళ్లముందున్నా అందవు. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి ఆ అంకెలను ఇప్పుడే కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ల్యాప్‌టాప్ విండోస్‌తోనే వచ్చిందా? ఆ లైసెన్సు సాధారణంగా ఆ యంత్రంతోనే ముడిపడి ఉంటుంది. మళ్లీ కొనక్కర్లేదు, 'క్రాక్' వేయించుకోనూ అక్కర్లేదు. క్రాక్‌లతోపాటు ఏమేం వస్తాయో ఎవరూ చెప్పలేరు.

నెలకో ఆదివారం ఓ గంట కేటాయించండి. ఫైళ్లు బీరువాలోని డిస్కులోకి కాపీ చేయండి. అప్‌డేట్లు వేయండి. టాస్క్ మేనేజర్ ఓసారి చూడండి. యూపీఎస్ ప్లగ్ తీసి రెండు నిమిషాలైనా నిలుస్తోందో లేదో పరీక్షించండి. ఈ పనిని ఇంట్లో పిల్లలకు అప్పగిస్తే ఇంకా మంచిది. వాళ్లూ నేర్చుకుంటారు, మనకూ మెకానిక్ ఉన్నట్టుంటుంది!

ఇక షాపు కుర్రాడు 'ఫార్మాట్ కొట్టాలి' అన్నప్పుడు మొహమాటపడకుండా మూడు ప్రశ్నలు అడగండి. 'పాడైందేంటి బాబూ? అది నీకెలా తెలిసింది? మా ఫైళ్లు ముందు ఎక్కడ దాస్తావు?' పని తెలిసిన కుర్రాడైతే మూడింటికీ జవాబు చెబుతాడు. మూడో ప్రశ్నకు జవాబు రాకపోతే మాత్రం కంప్యూటర్ అతని చేతికి ఇవ్వకండి.